అరవై అయిదో పీట

నీహారపురంలో సూర్యుణ్ణి చూడాలంటే జాము పొద్దెక్కేదాకా ఓపిక పట్టాలి. అంతవరకూ కోట బురుజులూ, కోట కింది సరస్సూ, సరస్సు నడుమ దీవీ, దీవి మీది చంద్రకాంత మండపమూ తెల్లటి మంచులో మునిగి, ఉన్నాయో లేవో తెలియకుండా ఉండేవి. కొంగ రెక్కలల్లార్చిన చప్పుడు వినిపించేది గాని కొంగ కనిపించేది కాదు. పడవవాడి పాట ముందు వచ్చేది, పడవ తీరిగ్గా తరువాత వచ్చేది. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళకు అక్కడ మెలకువగా ఉన్నా కలగంటున్నట్టే ఉండేది. ఊరివాళ్ళకు అదేమీ వింత కాదు. వాళ్ళు మనిషి ముఖం కోసం చూడకుండా అడుగుల చప్పుడు విని పలకరించేవారు.

అటువంటి ఒక ఉదయాన రాజమందిరం మొగసాలలో కొమరన్న ఒంటరిగా గుడారం గుడ్డ మడుస్తున్నాడు. తాతల నాటి నుంచి వాళ్ళది కోటలో గుడారాల కొలువు. వేటకైనా జాతరకైనా గుడారం వేయడం, విప్పడం, మడిచి బండికెక్కించడం వాళ్ళ పని. అరవై నాలుగు మూరల గుడ్డ మడవాలంటే ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు ఉండాలి. ఆ కొస పట్టుకునేది కొమరన్న చెల్లెలు ముత్యాలు. మూడు నెలలుగా కొమరన్న ఆ కొసను స్తంభానికి కట్టుకుంటున్నాడు.

మూడు నెలల కిందట రాకుమారి మధూళిక కలువలు కోయడానికి పడవెక్కితే, తోడుగా ముత్యాలు వెళ్ళింది. రాకుమారిని తనకిచ్చి పెళ్ళి చేయలేదన్న కక్షతో తమాలకేతుడనే మాంత్రికుడు సరస్సు మీద నిద్రధూపం వేశాడు. పడవ ఒడ్డుకు కొట్టుకు వచ్చేసరికి ఇద్దరు పిల్లలూ ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతున్నారు. అంతే, మళ్ళీ కన్ను విప్పలేదు. ఈ మంచుకాలం దాటితే ఆ నిద్ర ఇక ఎవరూ లేపలేనంత లోతుకు దిగిపోతుందని రాజవైద్యుడు చెప్పేశాడు. మంచుకాలం ఇంకా పది రోజులే ఉంది.

కొమరన్న ప్రాణాలకు తెగించి సరస్సు అడుగుకు దిగి, యక్షిణి కాళ్ళ మీద పడి వరం తెచ్చుకున్నది నాలుగు రోజుల కిందట. వరం అంటే తేరగా దొరికింది కాదు. యక్షిణి చెప్పిన మాటలు ఇంకా అతడి చెవుల్లో నీళ్ళ హోరుతో పాటు మోగుతున్నాయి.

“నా సరస్సులో స్వప్నకమలం పూస్తుంది. రేకుల నడుమ ఉండే దాని దుద్దులోని గింజ నాలుక మీద వేస్తే ఎంతటి మాయనిద్రైనా వదులుతుంది. ఆ దుద్దు కావాలంటే నా దీవి మీద పులిమేక ఆడించండి. ఎవరి చేతిలోనూ ఓడని వారు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరే మిగలాలి. రోజుకొక విడత. ఎన్ని విడతలకు అలా మిగులుతారో ఆట మొదలు కాకముందే నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పినన్ని రేకులతోనే పువ్వు విచ్చుకుంటుంది. విడత ముగియగానే ఒక రేకు రాలుతుంది. ఆఖరి రేకు రాలేసరికి ఓడనివారు ఇద్దరున్నా, ఒక్కరూ లేకపోయినా, దుద్దు నీట కలిసిపోతుంది. లెక్క తప్పు చెప్పిన నువ్వూ నీ చెల్లెలి పక్కనే పడుకుంటావు.”

సరస్సు చుట్టూ ఉన్న గ్రామాల నుంచి, దీవుల నుంచి అరవై ముగ్గురు ఆటగాళ్ళు వచ్చారు. అరవై నాలుగోవాడికి దారిలో జ్వరం తగిలింది. ఆ స్థానంలో కొమరన్ననే కూర్చోమంది రాకుమారి తల్లి, రాణి పేరిందేవి. ఇక తేలవలసింది విడతల లెక్క. దానికోసమే ఆ ఉదయం సభ కూడింది.

మంత్రి గుండయామాత్యుడు వేళ్ళు మడిచాడు, తెరిచాడు, మళ్ళీ మడిచాడు. “మహారాణీ, ప్రతివాడూ మిగతా అందరితోనూ ఆడితే గాని ఎవరు అజేయులో తేలదు. అరవై మూడు విడతలు కావాలి.”

“రోజుకొక విడత. ఉన్నవి పది రోజులు. తక్కిన యాభై మూడు రోజులూ మీ ఇంట్లోంచి తెస్తారా?” అంది రాణి.

ఆస్థాన జ్యోతిష్కుడు కళ్ళు మూసుకుని, “తొమ్మిది. గ్రహాలు తొమ్మిది కదా” అన్నాడు. ఆయన ఏమడిగినా తొమ్మిదే చెబుతాడు. నిరుడు కోటకు ద్వారాలెన్ని పెట్టాలంటే కూడా తొమ్మిదే అన్నాడు.

సేనాపతికి ఓపిక తక్కువ. “ఇంత చర్చ దేనికి? ఓడినవాణ్ణి ఓడినట్టే ఇంటికి పంపేద్దాం. చివరికి ఒక్కడు మిగిలి తీరతాడు” అన్నాడు.

సభ మొత్తం ఆయనవైపు కొరకొర చూసింది. నీహారపురంలో అంతటి తప్పు మాట మరొకటి లేదు. పీట వేసి కూర్చోబెట్టిన అతిథిని ఉత్సవం ముగిసేదాకా లేపకూడదు. అతిథి కూడా మధ్యలో లేచి పోకూడదు. గెలిచినవాడికి ఎంత మర్యాదో, ఓడినవాడికీ అంతే మర్యాద, అదే భోజనం. మంచులో దారి తప్పినవాళ్ళు కట్టుకున్న ఊరు అది, ఎవరినీ బయటికి పొమ్మనడం వాళ్ళకు చేతకాదు. సేనాపతి నాలుక కరుచుకుని కూర్చున్నాడు.

అప్పుడు కొమరన్న ద్వారం దగ్గర నిలబడి దణ్ణం పెట్టాడు. “నాకు లెక్కలు రావు తల్లీ. మడతలు వచ్చు. సెలవిస్తే మడిచి చూపిస్తా.”

రాణి తల ఊపింది. కొమరన్న గుడారం గుడ్డను సభ ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచాడు. “అయ్యగారూ, కొంచెం ఆ కొస పట్టుకోండి” అని మంత్రిగారి చేతికిచ్చాడు. తాళపత్రం కంటే బరువైనదేదీ ఎత్తి ఎరగని మంత్రిగారు ఆ కొస పట్టుకుని ఆయాసపడ్డారు.

“ఇది అరవై నాలుగు మూరల గుడ్డ. మూరకొక ఆటగాడనుకోండి. మొదటి రోజు జతలు జతలుగా ఆడతారు. సగం మంది గెలుస్తారు, సగం మంది ఓడతారు. పులిమేకలో సరిసమానం అన్నది లేదు గదా. ఓడినవాళ్ళని మనం ఎక్కడికీ పంపం. రెండో రోజు గెలిచినవాళ్ళు గెలిచినవాళ్ళతో, ఓడినవాళ్ళు ఓడినవాళ్ళతో ఆడతారు. అట్లా రోజూ ఎవరికి సమానమైనవాళ్ళతో వాళ్ళు. అందరూ ఆఖరిదాకా ఆడతారు, అందరూ అన్నం తింటారు. కానీ ఒక్కసారీ ఓడనివాళ్ళు మాత్రం రోజురోజుకీ సగమైపోతుంటారు.”

కొమరన్న సగం మీదికి సగం మడిచాడు. “ముప్పై రెండు.” మళ్ళీ మడిచాడు. “పదహారు. ఎనిమిది. నాలుగు. రెండు.” చివరి మడత వేసి అరచేత్తో అదిమాడు. గుడ్డ ఒక్క మూర వెడల్పున దిమ్మలా నిలిచింది. “ఒకటి. ఆరు మడతలు తల్లీ. ఆరు విడతలు చాలు.”

మంత్రిగారు చేతులు దులుపుకుంటూ, “ఎందుకైనా మంచిది, మరొకటి కలిపి ఏడని చెబితే పోలా?” అన్నారు.

“పోద్ది అయ్యగారూ, చేతికొచ్చింది కాస్తా పోద్ది. ఆరో రోజుకే ఒక్కడు తేలాడు గదా. ఏడో రోజు వాణ్ణి మళ్ళీ కూర్చోబెడితే, అంతకుముందు ఒకసారి ఓడినవాడెవడో వాణ్ణి కొట్టేశాడనుకోండి. అప్పుడు ఇద్దరూ ఒక్కొక్కసారి ఓడినవాళ్ళే. ఓడనివాడే ఉండడు. తక్కువ చెప్పినా ముప్పే, ఎక్కువ చెప్పినా ముప్పే.”

రాణి వంగి ఆ గుడ్డ దిమ్మను తాకి చూసింది. మూడు నెలల తరువాత ఆమె ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. “రేపే మొదలు పెట్టండి” అంది.

మర్నాడు మంచు తెల్లబడుతుండగా దీవి మీద అంతా సిద్ధమైంది. మండపంలో రెండు పట్టెమంచాల మీద మధూళికను, ముత్యాలును పడుకోబెట్టారు. చంద్రకాంత శిలల నుంచి చల్లటి నీటి బొట్లు జారి ఎక్కడో జలతరంగం వాయిస్తున్నట్టు చిన్నగా మోగుతున్నాయి. మండపం ముందు పీటలు, పీటల మధ్య పులిమేక పలకలు. చేతులారా పీటలన్నీ వేసింది కొమరన్నే. గుడారం గుడ్డ ఒక కొసను మండప స్తంభానికి కట్టి, విడతకొక మడత వేద్దామని పరిచి ఉంచాడు. అప్పుడు నీటి అంచుకు వెళ్ళి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, “ఆరు!” అని కేక వేశాడు.

సరస్సు కదిలింది. నీటి లోపలి నుంచి లేతాకుపచ్చ తూడు ఒకటి మెలికలు తిరుగుతూ పైకి వచ్చింది. దాని కొసన మొగ్గ, ఆ మొగ్గలో నుంచి ఒక్కొక్కటిగా రేకులు విచ్చుకున్నాయి. మొదటిది పాలరంగు, రెండోది కుంకుమపూవు రంగు, మూడోది నెమలికంఠం, నాలుగోది దానిమ్మ, అయిదోది పసిడి, ఆరోది ఏ రంగో ఎవరూ చెప్పలేని రంగు. దాని పరిమళం సోకగానే ప్రతివాళ్ళకూ తమ చిన్ననాటి ఇల్లు గుర్తుకు వచ్చింది. సేనాపతి ఎందుకో కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

ఆ మైకంలో ఉండగానే మంచులోంచి తెడ్డు లేని పడవ ఒకటి దానంతటదే వచ్చి ఒడ్డుకు ఆనింది. బూడిదరంగు కంబళి కప్పుకున్న బైరాగి దిగాడు. చేతిలో సాంబ్రాణి పొగలు చిమ్ముతున్న మట్టిచట్టి ఉంది. ఆయన ఎవరినీ పలకరించలేదు. తిన్నగా నడిచి వచ్చి, ఆఖరున ఖాళీగా ఉన్న పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

కొమరన్న పీటల వరసవైపు తిరిగాడు. అక్కడ ఖాళీ పీట ఎక్కడిది? లెక్కపెట్టుకున్నాడు. అరవై అయిదు పీటలున్నాయి. ఆ అరవై అయిదోది వేసింది కూడా తన చేతులే. నీహారపురంలో ఏ పంక్తి వేసినా, ఇంకా రాని అతిథి కోసమని ఒక పీట ఎక్కువ వేస్తారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి వేస్తున్న పీట. బుర్ర ఆరు మడతలు లెక్కపెడుతుంటే, చేతులు అలవాటు కొద్దీ తమ పని తాము చేసుకుపోయాయి. ఊరు ఊరంతా ఏనాడూ ఆ పీటను లెక్కలోకి తీసుకున్నది లేదు, దాని మీద ఎవరూ వచ్చి కూర్చున్నదీ లేదు.

ఇంకో సంగతి కూడా గుడ్డలవాడి కంట పడింది. ఆ మంచులో అందరి బట్టలూ తడిసి ఒంటికి అంటుకుని ఉంటే, బైరాగి కంబళి మీద ఒక్క తేమ చుక్క లేదు. మంచు ఎవరి మాట వింటుందో వాడి బట్టే తడవదు. “తల్లీ, వాడు తమాలకేతుడు!” అని కొమరన్న రాణి చెవిలో అన్నాడు.

రాణి ముఖం పాలిపోయింది. “కావచ్చు నాయనా. కానీ పీట వేసింది మనం. కూర్చున్నవాణ్ణి లేపమని నేను ఏ నోటితో చెప్పను?” అంది.

బైరాగి నవ్వాడు. “జతలేని అతిథికి ఓటమి అంటగట్టకూడదని కూడా మీ ఆచారమే కదమ్మా? ఈ పూట నాకు జత లేదు. నేను గెలిచినట్టే రాసుకోండి.”

ఆట మొదలైంది. కొమరన్నకు ఎదుట కూర్చున్నది తాటిదీవి ఓబులమ్మ. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, బతుకంతా మేకలు కాసింది. గవ్వ వేస్తే కొమరన్నకు మూడు పులులు, అవ్వకు పదిహేను మేకలు వచ్చాయి. అవ్వ మేకను పెడుతోంది, కొమరన్న పులిని జరుపుతున్నాడు. కానీ అతడి మనసు పలక మీద లేదు. అరవై అయిదు మూరల గుడ్డను మనసులో మడుస్తున్నాడు. సగం మడిస్తే ముప్పై రెండు మీద ఒక మూర ఒంటరిగా మిగిలింది, ముప్పై మూడు. మళ్ళీ మడిస్తే పదిహేడు. తొమ్మిది. అయిదు. మూడు. ఆరో మడతకు రెండు! ఆరు రేకులూ రాలిపోయాక ఓడనివాళ్ళు ఇద్దరుంటారు. దుద్దు మునిగిపోతుంది. ముత్యాలు లేవదు. కేక వేసి చెప్పిన మాటను ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

“ఏంటయ్యా, నీ పులులకి నిద్రొచ్చిందా?” అంది ఓబులమ్మ.

కొమరన్న ఉలిక్కిపడి చూశాడు. మూడు పులులూ కదలడానికి చోటు లేకుండా మేకల మధ్య ఇరుక్కుపోయి ఉన్నాయి. అందరికంటే ఆఖరున ముగిసిన ఆట అది. ఓడిపోయింది తను. చెల్లెలి కోసం సరస్సు అడుగుకు దిగినవాడు మొదటి రోజే ఒక ముసలమ్మ చేతిలో ఓడిపోయి కూర్చున్నాడు. సిగ్గుతో అతడికి తల ఎత్తబుద్ధి కాలేదు.

పాలరంగు రేకు రాలి నీటి మీద తేలిపోయింది. కొమరన్న స్తంభం దగ్గరికి వెళ్ళి మొదటి మడత వేశాడు. మంచంలో ముత్యాలు ముఖం ప్రశాంతంగా ఉంది. చిన్నప్పుడు ఆ పిల్ల కొలత తప్పి ఒక మూర ఎక్కువ కత్తిరించిన గుడ్డ గుర్తుకు వచ్చింది. తండ్రి కోప్పడలేదు. మిగిలిన మూరను అలాగే వదిలేసి మడిస్తే చివరిదాకా వేలాడుతూనే ఉంటుందని, మొదట్లోనే కింది నుంచి వెనక్కి తిప్పి దోపేయాలని చూపించాడు. కొమరన్న చెయ్యి గుడ్డ మీద ఆగిపోయింది.

కింది నుంచి!

ఇవాళ గెలిచినవాళ్ళు ముప్పై ముగ్గురు. రేపు పదహారు జతలు పోగా ఒకడు మిగులుతాడు. వాడికి సమానుడు లేడు గనక కింది వరసకు వచ్చి, ఓడినవాడొకడితో ఆడాలి. వాడే గెలిస్తే పదిహేడు మంది, ఇక ఆఖరిదాకా ఆ ఒక్కడు వేలాడుతూనే ఉంటాడు. కానీ ఓడినవాడు వాణ్ణి ఓడించాడా, పైన సరిగ్గా పదహారే. పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. ఆరో రేకుకు ఒక్కరు! ఓడినవాళ్ళను ఇంటికి పంపేసి ఉంటే ఆ పని చేయడానికి మనిషే ఉండేవాడు కాదు. కొమరన్నకు తన ఓటమి మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

రెండో ఉదయం పీటలు రెండు వరసలయ్యాయి. పై వరసలో పదహారు జతలు కుదిరాయి. అందరికంటే ఆఖరున వచ్చినవాడు గనక బైరాగి ఒంటరిగా మిగిలాడు. “కింది వరస నుంచి ఈయనతో ఎవరు ఆడతారు?” అని రాణి అడిగింది. ఆ చట్టి పొగ సోకిన దగ్గరివాళ్ళు అప్పటికే ఆవలిస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు. కొమరన్న లేచి వెళ్ళి బైరాగి ఎదుట కూర్చున్నాడు.

తమాలకేతుడు గొంతు తగ్గించి, “గుడ్డలు మడిచేవాడా, నీకు తెలిసిపోయిందన్న మాట” అన్నాడు. “నాకు అందరినీ గెలవాలని లేదు. రోజూ ఇలా కిందికి దిగి, ఓడి వణుకుతున్న ఒక్కణ్ణి కొట్టుకుంటూ పోతే చాలు. ఆఖరున రెండోవాడిగా మిగులుతాను. పువ్వు మునిగిపోతుంది. నా మధూళిక నా కలలోనే ఉండిపోతుంది. పద, గవ్వ వెయ్యి.”

గవ్వ వేస్తే మాంత్రికుడికి పులులు, కొమరన్నకు మేకలు వచ్చాయి. కొమరన్న మొదటి మేకను పెట్టాడు. తమాలకేతుడు చట్టిలో ఏదో వేర్లు వేసి ఊదాడు.

పొగ కమ్ముకుంది. పలక మీది గీతలు పెరిగి పెరిగి తాళ్ళయ్యాయి. ఆ తాళ్ళు మంచులో నుంచి మంచులోకి సాగి, ఒక ఆకాశమంత గుడారాన్ని పట్టుకుని ఉన్నాయి. కొమరన్న దాని కింద నిలబడి ఉన్నాడు. చుట్టూ తెల్లటి మేకలు. దూరాన మూడు జతల పసుపుపచ్చ కళ్ళు మెల్లగా తిరుగుతున్నాయి. ఒక పులి ఎగిరింది, ఒక మేక అరుపు సగంలో ఆగిపోయింది. మరో పులి ఎగిరింది. ఇంకో మేక పోయింది.

“అన్నా!”

ముత్యాలు గొంతు! గుడారం అవతల, ఎండ పడుతున్న పచ్చిక మీద చెల్లెలు నిలబడి చెయ్యి ఊపుతోంది. జడలో కలువపువ్వు ఉంది. “నేను లేచాగా అన్నా! ఇంకా ఆ ఆటేంటి? అన్నం చల్లారిపోతోంది, లేచి రా!”

కొమరన్న పంచప్రాణాలూ ఆమెవైపు లాగాయి. ఒక కాలు లేవబోయింది కూడా. లేస్తే పీట వదిలినట్టు, ఆట పోయినట్టు. అతడికి అది తెలుసు, అయినా మనసు ఆగడం లేదు. మూడు నెలల తరువాత ఆ గొంతు వింటున్నాడు మరి. అప్పుడతడు చెల్లెలి చేతులవైపు చూశాడు. ఖాళీగా ఉన్నాయి. గుడారం తాళ్ళు గాలికి కొట్టుకుంటుంటే, వాటిలో ఒకటి ఆమె కాళ్ళ దగ్గరే పాములా ఎగురుతుంటే, ఆ పిల్ల వంగి పట్టుకోలేదు. ఊగే తాడును చూసి ఊరుకోవడం ముత్యాలు వల్ల అయ్యే పని కాదు.

“నువ్వు మా చెల్లివి కావు” అన్నాడు కొమరన్న. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎగురుతున్న తాడును తానే పట్టుకుని మేకు కొట్టాడు. మేకు కొట్టిన చోట ఒక మేక వచ్చి నిలబడింది. ఇంకో తాడు, ఇంకో మేకు, ఇంకో మేక. గుడారం ఎలా వేయాలో తెలిసినవాడికి ఏ మూల ఏది బిగించాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక పులి దూకబోయి, దిగడానికి ఖాళీ లేక ఆగింది. రెండోది గుడారం గుంజ మొదట్లో ఇరుక్కుంది. మూడోది గర్జించి ఒక్క అడుగు వెనక్కి వేసింది, ఆ వెనక చోటులో ఆఖరి మేకు దిగింది.

చట్టి ఫట్టుమని పగిలింది. పొగ విడిపోయింది. పలక మీద మూడు పులులూ కట్టుబడి ఉన్నాయి. కొమరన్న చేతిలో ఒక్క మేక కూడా మిగల్లేదు.

తమాలకేతుడు కంబళి విదిలించి లేవబోయాడు. పీట అతడితో పాటే లేచింది! లాగినా, తన్నినా వదలలేదు. పై వరస నుంచి ఓబులమ్మ తొంగి చూసి, “కూర్చో నాయనా, కూర్చో. మా ఊళ్ళో ఓడినోళ్ళకి కూడా ఆఖరి రేకు దాకా మర్యాదే. ఈ పూట పప్పుచారు కూడాను” అంది. దీవి దీవంతా పగలబడి నవ్వింది. కుంకుమపూవు రంగు రేకు ఆ నవ్వులోనే రాలిపోయింది.

ఆ తరువాతి రోజులు నిద్రలో నడిచినట్టు మెత్తగా గడిచాయి. మంచులో గవ్వల గలగల, రేకు నీటిని తాకే సన్నటి సవ్వడి, సాయంకాలం కొమరన్న వేసే ఒక్క మడత. నెమలికంఠం రేకు రాలేసరికి ఓడనివాళ్ళు ఎనిమిది మంది. దానిమ్మ రేకుకు నలుగురు. పసిడి రేకుకు ఇద్దరు. తమాలకేతుడు కింది వరసలో మెదలకుండా కూర్చుని, పెట్టింది తిని, జత ఎవరైతే వారితో ఆడాడు. అతడి కళ్ళు మాత్రం పువ్వు మీది నుంచి కదల్లేదు. అది చూసి ఓటమి బాధ అనుకున్నారు అందరూ. కొమరన్న కూడా అలాగే అనుకున్నాడు.

ఆరో రోజు తాటిదీవి ఓబులమ్మకూ మణిద్వీపపు రాజకుమారుడికీ ఆట. రాజకుమారుడు పులులను బంగారు ఉంగరాల వేళ్ళతో ఎంతో సొగసుగా జరిపాడు. అవ్వ తమలపాకు నములుతూ, మందను దొడ్లోకి తోలినంత నిదానంగా మేకలు పెట్టుకుంటూ పోయింది. పొద్దెక్కేసరికి పులులకు దారి లేదు. రాజకుమారుడు నవ్వి, వంగి అవ్వ కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

ఓడనివారు ఒక్కరు. ఒక్కరంటే ఒక్కరే.

రంగు తెలియని ఆ ఆరో రేకు గాలిలో చాలాసేపు తిరుగుతూ దిగింది. అది నీటిని తాకగానే తెల్లటి చెయ్యి ఒకటి సరస్సులోంచి లేచి పచ్చటి దుద్దును ఓబులమ్మ ఒడిలో పెట్టింది. అవ్వ దాన్ని ఒక్క క్షణం కూడా ఉంచుకోలేదు. “నాకు నిద్ర బానే పడుద్ది, తెల్లారితే మెలకువా వస్తది. నాకెందుకిది?” అంటూ కొమరన్న దోసిట్లో వేసింది. కొమరన్న పరుగున మండపంలోకి వెళ్ళి, గింజ ఒలిచి, చెల్లెలి నాలుక మీద పెట్టాడు.

ముత్యాలు కనురెప్పలు కదిలాయి. మెల్లగా కళ్ళు తెరిచింది. “అన్నా, ఏంటంత చిక్కిపోయావు?” అంది. కొమరన్న మంచం పట్టె మీద తల ఆనించి, సభా సేనాపతీ ఎవరున్నారని చూసుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పుడే రాణి పేరిందేవి కేక వినిపించింది.

రెండో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మీద రాకుమారి పడుకున్న గుంట ఇంకా అలాగే ఉంది. బయట అరవై అయిదో పీట కూడా ఖాళీగా ఉంది, దాని మీద గుప్పెడు బూడిద మిగిలింది. ఒడ్డున తెడ్డు లేని పడవ లేదు. కొమరన్నకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఆఖరి రేకు దాకా అతిథిని లేపకూడదు, అతిథి లేవకూడదు. ఆఖరి రేకు రాలింది. అందరి కళ్ళూ దుద్దు మీద ఉన్నాయి. వాడు నాలుగు రోజులుగా ఎదురు చూసింది ఆ ఒక్క క్షణం కోసమే.

“ఆరు విడతలు లెక్క కట్టాను గాని, ఆరోదాని తరువాత ఏమవుద్దో చూసుకోలేదు తల్లీ” అన్నాడు కొమరన్న. దోసిట్లో ఇంకా గింజలున్నాయి, వేయడానికి రాకుమారి లేదు.

ముత్యాలు మంచం దిగింది. మూడు నెలల నిద్ర తరువాత కాళ్ళు తడబడితే మంచం పట్టుకుని నిలదొక్కుకుంది. “ఆ మాయలోడి కోట ఎక్కడుందో నాకు తెలుసు అన్నా. మూడు నెలలూ ఆ నిద్రలో నేనూ రాకుమారీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాని చుట్టూనే తిరిగాం. నీలిమంచు దాటితే నల్లరెల్లు, నల్లరెల్లు దాటితే గాలి వెనక్కి వీచే నీటిపాయ. అక్కడ తెడ్డు పని చెయ్యదు. తెరచాప ఉండాలి, గుడారం గుడ్డంత తెరచాప.”

మంచు మళ్ళీ దట్టమవుతోంది. దూరాన నీటి మీద, తెడ్డు చప్పుడు లేకుండా, ఒక పడవ వెళ్తున్న అలల సవ్వడి మాత్రం వినిపిస్తోంది. కొమరన్న గింజలను మొలలో కట్టుకుని, ఆరో మడత వేయకుండా వదిలేసిన గుడ్డవైపు చూశాడు.

ముత్యాలు అప్పటికే స్తంభం దగ్గరికి చేరింది. “నా కొస దీనికి కట్టావేంటి?” అంటూ ముడి విప్పి, గుడ్డ చేతిలోకి తీసుకుంది.